ఎవరి మీదా లేని మంట

ఇది రెండో వరద ఏడాది సంగతి. మొదటి వరదకు ఏరు మా వీధి మొదటి దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండోది షాపులోకే వచ్చి, కుట్టు మిషను తొక్కుడు పలక మునిగేదాకా ఎక్కి, మూడు రోజులు కదలకుండా ఉండి పోయింది. మా వీధిలో ఎవరు ఎప్పుడు పుట్టారన్నా, ఎవరు ఎప్పుడు పోయారన్నా వరదకు ముందు, వరద తర్వాత అనే చెబుతారు. నా భార్య చేతివేళ్లు బిగుసుకుపోవడం రెండో వరద తీసిన మూడో నెలలో మొదలైంది.

నేను కోట్లు కుట్టేవాణ్ణి. కోర్టు గుమాస్తాలకు, రైలు ఉద్యోగులకు, పంతుళ్లకు కుట్టాను. చదువు మూడేళ్లు. కొలతలు రాసుకోవడానికి అది చాలింది. మాట తక్కువ. సగం చెప్పి మిగతాది ఎదుటివాళ్లకు వదిలేస్తానని వీధిలో నాకు అరమాట అని పేరు పెట్టారు. కొలత తీసేటప్పుడు ఊపిరి వదలమంటాను, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు నాకు వాళ్ల మీద ఏదో కోపం అనుకునేవారు.

బట్ట కత్తిరించడం, మిషను మీద కుట్టడం నా పని. కాజాలు ఆమె పని. గుండీ దూరే చీలిక చుట్టూ చేత్తో దారం మెలివేసి బిగించి కుట్టేదే కాజా. మిషను కాజా పది ఉతుకులకు నోరు తెరుస్తుంది. ఆమె కుట్టిన కాజా, కోటు చిరిగి పాతబట్టలవాడికి పోయినా, అట్లాగే ఉండేది. కోటు ముందు కాజాకు నలభై రెండు ముళ్లు వేసేది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేది. మా ఇంట్లో మాట్లాడే మనిషి ఆమే. కాజా కుడుతున్నంతసేపూ మాత్రం ఆమె, నేను సమానం.

ఒక రోజు పొద్దున సూది, దారం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎక్కించమని. చూపు మందగించిందేమో అనుకున్నాను. చూపు కాదు. వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి, నునుపుదేలి ఉన్నాయి. రెండు చేతులకూ ఒకేలాగా. లేచిన గంటన్నర దాకా గుప్పిట ముడుచుకునేది కాదు. వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని, వాటిని ఎవరివో చూసినట్టు చూస్తూ కూర్చునేది. వరదనీళ్లలో మూడు రోజులు నానింది కదా, వాతం చేసిందన్నారు వీధివాళ్లు. మేమూ అదే అనుకున్నాం. వరద మీదికి నెట్టేస్తే సుఖం. అది వచ్చి కాదనదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చెప్పి లాభం లేదు.

నాకొక తమ్ముడు. పెళ్లిళ్లయ్యాక కూడా పదకొండేళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల మీద పనిచేశాం. మొదటి వరదకు మరుసటి ఏడు వాడు పెద్ద వీధిలో రెడీమేడ్ బట్టల షాపు పెట్టుకున్నాడు. ముందు భాగమంతా అద్దాలు. షాపు తెరిచిన రోజు బంధువులు, తెలిసినవాళ్లు వచ్చారు. నా మరదలు, అంటే తమ్ముడి భార్య, వచ్చినవాళ్లను కూర్చోబెడుతూ, చనువుకొద్దీ ఒక్కొక్కరిని ఒక్కో మాట అంటూ తిరుగుతోంది. మనిషి మంచిది. నోటికి గడియ ఉండదు. అందరూ అద్దాల్లో ముఖాలు చూసుకుని మెచ్చుకుంటుంటే, నా భార్య పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కడుపులో మంటగా ఉంది, కాసేపు లోపల కూర్చుంటానంది.

"ఉండదా మరి అక్కా? షాపు మాదాయె," అంది మరదలు.

అందరూ విరగబడి నవ్వారు. కడుపు మంటలు రెండు రకాలు. ఒకటి లోపల పుండు పడితే వచ్చేది. ఒకటి ఎదుటివాడు పైకొస్తే వచ్చేది. రెంటికీ ఒకటే మాట పెట్టినవాడెవడో తెలియదు గాని, వాడికి కడుపునొప్పి వచ్చి ఉండదు.

అప్పట్నుంచీ అది మా రెండు ఇళ్లలోనూ వాడుక మాటయింది. ఆమె భోజనం మధ్యలో లేచినా, పక్కకు తిరిగి పడుకున్నా, మంటేనా అని ఎవరో ఒకరు అనేవారు. ఏడాది తిరక్కముందే ఆమె ఆ మాట ఎత్తడం మానేసింది. మంట తగ్గి మానేసిందని నేను అనడానికి లేదు. నా సుద్దబిళ్లలు, బట్ట మీద గీత గీసేవి, తొందర తొందరగా అయిపోయేవి. అంచుల్లో పళ్ల గాట్లు ఉండేవి. సుద్ద తింటే మంట కాసేపు అణుగుతుంది. చూశాను. అడగలేదు. చెప్పాలనుకుంటే తనే చెబుతుందిలే అనుకున్నాను. మాట తక్కువ మనిషికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

వేళ్లు చూపించడానికి పెద్దాసుపత్రికి వెళ్లాం. కీళ్ల జబ్బులకు ఒక డాక్టరమ్మ ఉంది. నేను బట్ట నాణ్యం చూసినట్టే ఆమె ఒక్కొక్క కణుపూ రెండు వేళ్ల మధ్య పట్టి ఒత్తి చూసింది. తర్వాత తలవంచుకుని కాగితం మీద వరసగా అడిగి రాసుకుంటూ పోయింది. జ్వరమా, నీరసమా, కళ్లు ఎండిపోతున్నాయా. నా భార్య అన్నిటికీ ఓపిగ్గా చెబుతోంది.

"కడుపులో మంట ఏమైనా ఉందా అమ్మా?"

"ఎవరి మీదా లేదండి," అంది నా భార్య.

డాక్టరమ్మ తల ఎత్తలేదు. గుమ్మం బయట నలభై మంది ఉన్నారు. లేదు అని రాసి, తర్వాతి ప్రశ్నకు పోయింది. ఆ ముందున్న 'ఎవరి మీదా' ఆమె చెవిన పడలేదు. నా చెవిన పడింది. నేను నోరు తెరవబోయాను. నా భార్య నా వైపు ఒక చూపు చూసింది. మూసుకున్నాను.

ఒళ్లు తన కీళ్లను తనే కొట్టుకునే జబ్బులా కనిపిస్తోందంది డాక్టరమ్మ. రక్తపరీక్షలు రాసింది. అవి వచ్చాక అసలు మందు మొదలుపెడతాను, ఈలోపు నొప్పి ఓర్చుకోలేరు కాబట్టి ఇవి వాడండి అని నొప్పి బిళ్లలు ఇచ్చింది. నారింజ రంగువి, రోజుకు రెండు.

అవి పనిచేశాయి. నాలుగో రోజుకు ఆమె గుప్పిట ముడిచి నా భుజం మీద ఒకటి వేసి, చూశారా, పడింది కదా అంది. మళ్లీ కాజాలకు కూర్చుంది. రైలు ఉద్యోగుల కోట్లు ఒప్పుకున్నవి ఉన్నాయి. వాటికి కాజాలు వేస్తూ, నవ్వుతూ, మధ్య మధ్య నా సుద్ద కొరుకుతూ పద్దెనిమిది రోజులు గడిపింది. నేను కత్తెర పనిలో ఉన్నాను. కత్తెర పనిలో ఉన్నవాడు తల ఎత్తకూడదని ఒక నియమం పెట్టుకుని బతికాను నేను.

పంతొమ్మిదో రోజు ఇస్త్రీ బల్ల దగ్గర కోటు పట్టుకుని నిలబడి, నిలబడ్డట్టే కిందికి జారింది. ముఖం కోటు లోపలి గుడ్డలాగా తెల్లబడింది. అంతకు ముందు మూడు రోజులుగా విరేచనం తారులాగా నల్లగా అవుతోందట. అది కూడా ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు బండి తెచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

కబురు తెలిసి అదే డాక్టరమ్మ వార్డుకు వచ్చింది. పాత కాగితం తీసి చూసి, మళ్లీ అడిగింది. కడుపులో మంట ఉండేదా అని. నా భార్య కళ్లు మూసుకుని లేదన్నట్టు తల ఊపింది. రక్తం ఎక్కుతోంది, ఇంకా తల ఊపుతోంది.

"ఉండేది," అన్నాను నేను.

ఎన్నాళ్లుగా అని అడిగితే పదహారేళ్లన్నాను. సుద్దబిళ్లల సంగతి కూడా చెప్పాను. మొన్న పక్కనే కూర్చున్నారు కదా, అప్పుడెందుకు చెప్పలేదు పెద్దాయనా అంది. కోప్పడి అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

గొట్టం వేసి కడుపు లోపల చూశారు. పుండు ఉంది. నొప్పి బిళ్లలు దాన్ని తవ్వి రక్తం కార్చాయి. పుండు పక్కన చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే ఒక క్రిమి కనబడింది. డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. మెలి తిరిగిన దారం ముక్కలాగా ఉంది. కడుపులో అంత పులుపులోనూ బతుకుతుందట. పుండు వేసేది ఎక్కువగా అదేనట. వరదనీళ్లతో వచ్చిందా అని అడిగాను. కాదు, చాలామందికి చిన్నతనంలోనే పడుతుంది, ఒకే ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరి నుంచి ఒకరికి పోతుంది, ఏళ్ల తరబడి తెలియనే తెలియదు అంది.

నేను మామూలుగా అంతటితో లేచిపోయేవాణ్ణి. ఆ రోజు లేవలేదు.

"ఆ పురుగే వేళ్లలోకి పోయిందా అమ్మా?" అన్నాను.

ఆమె కుర్చీ ఇటు తిప్పుకుంది. క్రిమి కీళ్లలోకి పోదంది. మన ఒంట్లో ఒక కాపలా ఉంటుంది, బయటినుంచి వచ్చినదాన్ని కొట్టడం దాని పని, ఈ జబ్బులో అది మన కీళ్లనే బయటివాళ్లనుకుని కొడుతుందని చెప్పింది. ఎందుకలా పొరపడుతుందని అడిగాను.

"అది తెలిస్తే నేను ఇక్కడ ఎందుకుంటాను పెద్దాయనా," అని నవ్వింది. తర్వాత నిదానంగా చెప్పింది. కడుపులో ఆ క్రిమితో ఏళ్లకేళ్లు కొట్లాడి ఆ కాపలాకు తనెవరో పరాయెవరో గుర్తు తప్పుతుందేమోనని కొందరు డాక్టర్ల అనుమానం. క్రిమిని చంపాక కీళ్ల బాధ తగ్గిందని కొందరు లెక్కలు చూపించారు. ఇంకొందరు అవే లెక్కలు వేసి, అబ్బే, ఏమీ తేడా లేదన్నారు. క్రిమి ఉండీ కీళ్లు దివ్యంగా ఉన్నవాళ్లు కోట్లమంది. క్రిమి లేకుండా కీళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. "కాబట్టి ఈ రెంటికీ ముడి ఉందని నేను చెప్పను. లేదనీ చెప్పను. కడుపు కోసం మాత్రం దాన్ని చంపి తీరాలి."

నాకు మిషను గుర్తొచ్చింది. గుడ్డ అడుగువైపు దారం ఉచ్చులు పడుతుంటే కొత్తవాళ్లు అడుగుదారం చుట్టి ఉండే బాబిన్ విప్పి కూర్చుంటారు. ఎంత విప్పినా దొరకదు. తప్పు చాలావరకు పైదారం బిగువులో ఉంటుంది. చాలావరకు అన్నాను. ఒక్కోసారి బాబిన్‌లోనే ఉంటుంది. నలభై ఏళ్లు కుట్టినా ఉచ్చును చూసి ఏది అని చెప్పలేను. పైదారం సరిచేసి, కుట్టి చూడాల్సిందే. ఈ మాట డాక్టరమ్మతో అన్నాను. ఆమె కలం మూత పెట్టి, మా దగ్గర కూడా అంతే అంది.

ఇంటికి పంపేటప్పుడు క్రిమికి పద్నాలుగు రోజుల మందులు ఇచ్చారు. పూట తప్పకూడదు. పుండు మానేదాకా కీళ్ల అసలు మందు ఆగాలి. ఇక ఆ నారింజ బిళ్లలు మాత్రం ఇంటి గడప దాటి రాకూడదు, ఇంకొకటి పడితే ఈసారి నేను ఎక్కించడానికి రక్తం చాలదు అని డాక్టరమ్మ నా కళ్లలోకి చూసి చెప్పింది.

బండి ఎక్కబోతూ నా భార్య నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఇంట్లోవాళ్లకు కడుపులో పుండని చెప్పకండి. రక్తం తక్కువై పడిపోయిందని చెప్పండి. చావుదాకా పోయి వచ్చాను, మళ్లీ ఆ మాట పడలేను."

తల ఊపాను. తల ఊపడం నాకు తేలిక.

నొప్పి బిళ్లలు ఆగేసరికి వేళ్లు మునుపటి కంటే మొండికేశాయి. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టి ఎత్తుకునేది. క్రిమి మందులకు నోరంతా చేదు, వికారం. ఒక్కొక్క పూటా నేనే దగ్గర కూర్చుని మింగించాను. ఆరో రోజు మధ్యాహ్నం మరదలు వచ్చింది. ఆమెకూ మోకాళ్ల నొప్పులు, మెట్టు మెట్టుకూ నిలబడి ఎక్కి వచ్చింది. అక్క చేతులు తన ఒళ్లో పెట్టుకుని చూసి, కళ్లనీళ్లు పెట్టుకుంది. అవి దొంగ కన్నీళ్లు కావు. వెంటనే సంచిలోంచి ఒక అట్ట తీసింది.

"నేను రోజూ వేసుకునేవే అక్కా. రెండు వేసుకో, గంటలో లేచి తిరుగుతావు. డాక్టర్లు వద్దంటారు. నొప్పి వాళ్లకా, మనకా?"

అట్టలో నారింజ బిళ్లలు.

నేను కిటికీ దగ్గర మిషను మీద ఉన్నాను. నా భార్య ఆ బిళ్లల వంక చూసింది. ఎందుకు వేసుకోకూడదో చెప్పాలంటే కడుపు సంగతి చెప్పాలి. మరదలు రెండు బిళ్లలు ఒలిచి అరచేతిలో పెట్టింది. నా భార్య వద్దనలేదు. నీళ్ల గ్లాసు కోసం చూసింది. ఆ మాట అనడం కంటే అవి మింగడమే ఆమెకు తేలికని నాకు అర్థమైంది. నా కాలు పలక మీద ఆగిపోయింది.

"వేసుకోకు," అన్నాను.

"ఏం బావగారూ, ఇవాళ నోరు తెరిచారు? నేనేమన్నా విషం పెడుతున్నానా?" అంది మరదలు నవ్వుతూ.

"ఆమెకు అది విషమేనమ్మా. ఆమె కడుపులో పుండుంది. ఆ బిళ్లల వల్లే రక్తం పోయి పడిపోయింది. మేం చెప్పినట్టు రక్తం తక్కువై కాదు. పదహారేళ్ల నుంచి కడుపులో మంట. మీ షాపు తెరిచిన రోజు చెబితే నువ్వు హాస్యమాడావు. అప్పట్నుంచి చెప్పడం మానేసింది. డాక్టరమ్మ అడిగినా చెప్పలేదు."

నా జీవితంలో ఒక్క ఊపున అన్ని మాటలు అనడం అదే మొదలు. చెప్పేసరికి నాకే ఆయాసం వచ్చింది.

మరదలు నా వైపు, అక్క వైపు మార్చి మార్చి చూసింది. "ఆ హాస్యం ఇంట్లో అందరూ ఆడేవాళ్లు కదా. మొదలుపెట్టింది నేనా?" అంది. తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే గుర్తు లేదు. నేను పదహారేళ్లు మోసిన మాట, అన్న మనిషి ఆ సాయంత్రానికే మరిచిపోయింది. "అయినా ఏదో నవ్వులాటకి అనుంటాను. ఒక్క మాటకి ఇన్నేళ్లు నోరు కట్టేసుకుంటారా అక్కా?"

నా భార్య అరచేతిలోని బిళ్లలు మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టింది.

"నీ మాటకి కాదే. నువ్వు రోజుకి వంద అంటావు, ఎవరు పట్టించుకుంటారు? ఆ రోజు ఈయన నవ్వారు."

మరదలు నా వైపు తిరిగింది.

"ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వితే, నిజమే కాబోలు అనిపిస్తుంది," అంది మళ్లీ, నా వైపు చూడకుండా. "నాకు నిజంగానే మీ షాపు చూసి మంట పుట్టిందేమోనని చాన్నాళ్లు అనుకున్నాను."

అందరూ విరగబడి నవ్వారని పైన రాశాను. ఆ అందరిలో నేనున్నానని రాయలేదు. రాసేటప్పుడు చెయ్యి దాన్ని దాటుకుని పోయింది. ఇప్పుడు రాస్తున్నాను. నవ్వాను. మరదలి మాటకు కాదు, తమ్ముడు పైకొచ్చినందుకు నాలోపల ఉన్నది ఆమె నోటి మీదుగా బయటపడ్డట్టయి, తేలికపడి నవ్వాను. ఆ రోజు ఆ గదిలో రెండో రకం మంట ఉన్నది నాకు.

ఇంత వివరంగా ఆ మధ్యాహ్నం చెప్పలేదు. "నవ్వాను, తప్పే," అన్నాను. నా భార్య తల ఊపింది. నాతో ఉండి ఉండి ఆమెకూ అలవాటైంది.

మరదలు అట్ట తీసి సంచిలో పెట్టుకుంది. మళ్లీ బయటికి తీసి, వెనక్కి తిప్పి చూసింది.

"అక్కా, ఆ మంట ఖాళీ కడుపున ఎక్కువగా ఉంటుందా?"

"ఉంటుంది."

"పాలు తాగితే తగ్గినట్టే తగ్గి, మళ్లీ వస్తుందా?"

నా భార్య ముందుకు వంగి ఆమె ముఖంలోకి చూసింది. "నీకెప్పట్నుంచే?"

"నాలుగేళ్లు. ఎలా చెప్పను అక్కా? చెబితే ఏమంటారో నాకు తెలియదా? అనడంలో నన్ను మించినవాళ్లెవరు?"

నా భార్యకు ముందు నవ్వొచ్చింది. మరదలికీ వచ్చింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని, ఎక్కడ నొప్పో అక్కడ చేతులు ఒత్తుకుంటూ నవ్వారు. నేను నవ్వలేదు.

వేళ్ల సంగతి తెలుసుకోవాలని ఉంటుంది కాబట్టి చెబుతాను. పద్నాలుగు రోజుల మందు పూర్తి చేసింది. తర్వాత పరీక్షలో క్రిమి లేదన్నారు. పుండు మానింది. కీళ్ల అసలు మందు మొదలైంది. ఎనిమిది నెలలకు వేళ్ల వాపు చాలా తీసింది. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం వంకరగానే ఉండిపోయాయి. కాజాలు మళ్లీ కుట్టింది, రోజుకు రెండు మూడు, మెల్లగా. ఏది పనిచేసిందని డాక్టరమ్మని అడిగాను, క్రిమి పోవడమా, మందా అని. రెండూ ఒకదాని వెనక ఒకటి జరిగాయి, మీ ఆవిడ ఒక్క మనిషిని చూసి చెప్పలేను అంది. ఊరడించడానికైనా అబద్ధం చెప్పలేదు. ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. కాపలావాడు తన ఇంటివాళ్లనే కొట్టడం గురించి కూడా ఆలోచించాను.

అదంతా తర్వాతి సంగతి. మరదలు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున నేను షాపు తెరవలేదు. నా భార్యకు మందు మింగించి, తమ్ముడి ఇంటికి వెళ్లి, మరదలిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాను. తను మొదట రానంది. మోకాళ్లకే కదా, తర్వాత చూద్దామంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎంతసేపటికీ కదలకపోయేసరికి చెప్పులు వేసుకుంది.

చీటీలు రాసే కిటికీ ముందు పెద్ద వరస. మా వంతు వచ్చేసరికి గుమాస్తా తల ఎత్తకుండా ఏం బాధ అని అడిగాడు. మోకాళ్లు అంది మరదలు. రాసుకున్నాడు. ఇంకేమైనా ఉందా అన్నాడు. ఆమె నేల చూపులు చూసింది. నేను వంగి కిటికీ కన్నం దగ్గర నోరు పెట్టాను.

"కడుపులో మంట. నాలుగేళ్లుగా. రోజూ నొప్పి బిళ్లలు మింగుతోంది. అది కూడా రాయండి."

వరసలో వెనకెవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా కలం ఆపి నా వైపు చూశాడు. మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం గట్టిగా చెప్పాను. అతను ఆ మూడు మాటలూ రాసేదాకా కిటికీ వదల్లేదు.